గడ్డం కింద అరచెయ్యి

మొన్న ఆదివారం పొద్దున మా పాప ఫోన్లో ఏదో ఇంగ్లీషు క్లాసు పెట్టుకుని కూర్చుంది. పక్కనే దివాన్ మీద అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఫోన్లో ఒకావిడ పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ, గడ్డం కింద అరచెయ్యి పెట్టుకోండి, పెద్ద మాటను మెల్లగా పలకండి, గడ్డం చేతికి ఎన్నిసార్లు తగిలితే ఆ మాటకు అన్ని ముక్కలు అని చెబుతోంది. పాప బుద్ధిగా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నోరు తెరిచింది. నేను టీ గ్లాసు అక్కడే పెట్టేసి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. ఇన్నేళ్ల తర్వాత, ఎదురింటివాళ్లు ఆరేసిన దుప్పట్ల మధ్య నుంచి, నాకు ముక్కుపొడుం వాసన వచ్చింది.

ఆ వాసన సంగతి చెప్పాలంటే అశోక్‌నగర్‌లో ఒక మేడ మీది గదికి మళ్లీ వెళ్లాలి. వెళ్లాలని నాకు ఏ కోశానా లేదు. ఇన్నాళ్లూ ఆ సందు తప్పించుకునే తిరిగాను. ఇప్పుడు అక్కడ ఏ గోడ చూసినా కోచింగుల బోర్డులే. ఆ మేడను పడగొట్టి హాస్టల్ కట్టారట. పడగొట్టినవాళ్ల కడుపు చల్లగుండ.

అప్పట్లో మేం చిక్కడపల్లిలో సెంట్రల్ లైబ్రరీకి దగ్గర్లోని సందులో కిరాయికి ఉండేవాళ్లం. రెండు గదులు, ఒక వంటిల్లు, నలుగురం. బాపు కరెంటాఫీసులో పని చేసేవాడు. ఇంటికొస్తే పేపరు, అన్నం, నిద్ర, అంతే. ఇంట్లో నోళ్లున్నది నానమ్మకూ, అమ్మకూ, నాకూ. అమ్మ నారాయణగూడలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరు. తెలుగు మీడియం బడి. నేనూ అందులోనే చదివేదాన్ని.

అమ్మ పాఠం చెబితే చూడాలి. అమ్మ పుట్టిల్లు నారాయణపేట దిక్కు, మగ్గాల ఇల్లు. పదో తరగతిలో మిల్లులు ఎట్లా పుట్టాయి, చేతిపనివాళ్లు ఏమైపోయారు అనే పాఠం వచ్చినప్పుడు అమ్మ సంచిలో రెండు గుడ్డలు వేసుకుని వెళ్లేది. ఒకటి అమ్మమ్మ పాత నారాయణపేట చీర కొంగు ముక్క. రెండోది సుల్తాన్ బజార్‌లో కొన్న మిల్లు గుడ్డ. పిల్లల్ని కళ్లు మూసుకోమని రెండూ చేతుల్లో పెట్టి, ఏది మనిషి నేసిందో చెప్పమనేది. అందరూ చెప్పాక, మా తాత మగ్గం గుంటలో దిగి కూర్చుంటే ఇల్లంతా టకటకమని ఎట్లా మోగేదో, ఆ చప్పుడు ఆగిపోయిన నెల ఇంట్లో ఎట్లా ఉండిందో చెప్పేది. మీసాలు మొలుస్తున్న మగపిల్లలు కూడా నోరు తెరుచుకుని వినేవాళ్లు. ఏడో తరగతిలో ఉన్న నేను నీళ్లకని చెప్పి బయటికొచ్చి, వాళ్ల కిటికీ దగ్గర నక్కి చూసేదాన్ని. ఆ కొంగు ముక్క ఏ వరసలో ఎవరి చేతిలో ఉందో కూడా నాకు లెక్కే.

ఆ ఏడు వేసవి సెలవులకు ముందు బడి కరస్పాండెంటు టీచర్లందరినీ ఆఫీసులోకి పిలిచాడు. బడి ఆయన సొంతం. ఎండాకాలం, వానాకాలం సఫారీ సూటే. చుట్టుపక్కల సందుల్లో కాన్వెంట్లు లేస్తున్నాయి, పిల్లలు వెళ్లిపోతున్నారు, కాబట్టి జూన్ నుంచి మనదీ ఇంగ్లీషు మీడియమే అన్నాడు. పాత టీచర్లు తమ పాఠాన్ని ఇంగ్లీషులో చదివి వినిపించాలి. ఉచ్చారణ బాగుంటే పై తరగతులు ఉంటాయి, లేకపోతే ఎల్కేజీకి మారుస్తారు. పరీక్ష పెట్టేది అశోక్‌నగర్‌లో ఇంగ్లీషు క్లాసులు నడిపే ఒక సారు. సెలవుల్లో నేర్పేదీ ఆయనే. ఆయన నేర్పి ఆయనే పరీక్షిస్తాడన్నమాట. అందులో ఉన్న తమాషా పెద్దవాళ్లెవరికీ తట్టలేదో, తట్టినా నోరు మూసుకున్నారో నాకు తెలీదు.

అమ్మ ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా గడపలో కూర్చుంది.

"పదో క్లాసు నా తాన్నుంచి తీస్తరట అత్తమ్మా."

నీకు ఇంగ్లీషు వస్తది గదా, లైబ్రరీకి వోయి పేపర్లు సదువుతవు గదా అంది నానమ్మ.

"చదువుడు వస్తది. పలుకుడు రాదు" అంది అమ్మ.

నిజమే అది. అమ్మ ఇంగ్లీషంతా కళ్లతో నేర్చుకున్నది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో మాట విప్పుకుంది. ఆ మాటల్ని ఎవరైనా నోటితో అంటుంటే వినే భాగ్యం ఆమెకు ఎక్కడిది. అందుకే సెలవుల్లో రోజూ మధ్యాహ్నం అశోక్‌నగర్ వెళ్లాల్సి వచ్చింది. ఇంట్లో వదిలేస్తే నేను గోడలెక్కి తిరుగుతానని నన్నూ వెంట తీసుకెళ్లేది.

ఆ గది కింద హోటల్. మెట్లెక్కుతుంటే మురిగిన ఉల్లిపొట్టు కంపు ముక్కు బద్దలు కొట్టేది. పైన రెండు బెంచీలు, ఒక నల్లబల్ల, మూలుగుతూ తిరిగే ఫ్యాను. మే నెల ఎండలో సారు టై కట్టుకునేవాడు. చంకల కింద చెమట ఎండి తెల్లటి చారలు కట్టి ఉండేవి. బొంబాయిలో దొరల కంపెనీలో ఇరవై ఏళ్లు పనిచేశానని రోజుకొకసారైనా అనేవాడు. ఒక పెద్ద మాట చెప్పడం, చిన్న రేకు డబ్బీ తీసి చిటికెడు పొడుం ముక్కులో కూరడం, గట్టిగా ఎగపీల్చడం, జేబులోంచి రుమాలు తీసి తుడుచుకోవడం. ఆ రుమాలు ఎప్పుడో తెల్లగా ఉండేదేమో. దాన్ని మడతపెట్టి అదే చేత్తో సుద్దముక్క పట్టుకునేవాడు, అదే సుద్దముక్క మాకూ ఇచ్చేవాడు. తలుచుకుంటే ఇప్పటికీ నా వేళ్లు కడుక్కోవాలనిపిస్తుంది.

విద్య లేనివాడు అననులెండి. పొడుగాటి మాటను బల్ల మీద రాసి, నిలువు గీతలతో ముక్కలు చేసి, బరువు పడే ముక్క నెత్తిన ఎర్రచుక్క పెట్టేవాడు. చివర 'షన్' ఉంటే దానికి ముందున్న ముక్క మీద బరువు వేయాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఎగ్-జా-మి-నే-షన్. అయిదు ముక్కలు, 'నే' మీద దెబ్బ. గడ్డం కింద అరచెయ్యి పెట్టుకుని లెక్కపెట్టే పద్ధతి కూడా ఆయన చూపించిందే.

దెబ్బ అన్నది ఉత్తమాట కాదు. ఆ గదిలో ఒక ఆచారం ఉండేది. మాట తప్పు పలికినవాళ్లు ఎడమచెయ్యి చాపాలి. క్లాసులో అందరికన్నా చిన్నవాళ్లు రూళ్లకర్ర పట్టుకుని, ఆ మాటను సరిగ్గా పలుకుతూ ముక్కకొకటి చొప్పున అరచేతి మీద వెయ్యాలి. తేలిక ముక్కలకు తేలిగ్గా, బరువు ముక్కకు గట్టిగా. పెద్దవాళ్లకు సిగ్గేస్తేనే చదువు ఎక్కుతుందని ఆయన సిద్ధాంతం. ఉద్యోగాల కోసం వచ్చే కుర్రాళ్లు, టైపు నేర్చుకునే ఆడపిల్లలు నవ్వుకుంటూ చేతులు చాపేవాళ్లు. తోడుగా వచ్చి మూల కూర్చున్న నేను ఆయన మాటలన్నీ గడగడా తిప్పి చెబుతుంటే, నాలుగో రోజు ఆయన రూళ్లకర్ర నా చేతికిచ్చాడు.

ఆ రోజే అమ్మ తప్పు పలికింది. ఎగ్జామినేషన్. బరువు మొదట్లోనే వేసేసింది.

"మేడమ్, చెయ్యి" అన్నాడు సారు.

అమ్మ నా వైపు చూసింది. నేను సారు వైపు చూశాను. ఆయన తల ఊపాడు. అమ్మ గాజులు పైకి తోసుకుని చెయ్యి చాపింది. నేను అయిదు వేశాను, నాలుగోది చప్పుడొచ్చేలా వేశాను. సారు మురిసిపోయి, "చెవి మర్చిపోతుంది మేడమ్, చెయ్యి మర్చిపోదు" అన్నాడు. నాకు జేబులోంచి పిప్పరమెంటు తీసిచ్చాడు. దానికీ పొడుం వాసనే. నేను చప్పరించాను. ఛీ, చప్పరించడమా, ఆఖరుదాకా చప్పరించి కాగితం కూడా దాచుకున్నాను.

మా వాడలో ఇంకే పిల్లయినా ఆ పొడుం డబ్బీలో కారం కలిపేది. నేను కూడా మామూలుగా ఆ జాతే, పక్కింటి చెప్పులు గోడవతల విసిరిన ఘనత నాది. కానీ ఆ గదిలో మాత్రం ఆయన డబ్బీ మూత బిగుసుకుంటే తీసిపెట్టేదాన్ని. పెద్దవాళ్లు నా ముందు వరసగా చేతులు చాపుతుంటే నాకు ఎంత బాగుండేదో చెప్పలేను. చెప్పలేను కాదు, చెప్పడానికి రోతగా ఉంది.

ఇంటికొచ్చాక కూడా అదే గోల. అది తొక్కుల కాలం. వంటింట్లో మామిడికాయ ముక్కలు, ఆవపిండి, మెంతుల వాసన. అమ్మ ముక్కలు కలుపుతూ మాటలు పలికేది. నేను గడప మీద కూర్చుని నానమ్మ అష్టాచెమ్మా డబ్బాలోంచి కొట్టుకొచ్చిన చింతగింజలు పేర్చేదాన్ని. ముక్కకొక గింజ, బరువు ముక్కకు గవ్వ. అన్నిట్లోకీ మొండిమాట ఒకటి ఉండేది, అమ్మ పరీక్షలో చదవాల్సిన మిల్లుల పాఠంలోది. ఇన్-డస్-ట్రి-అ-లై-జే-షన్. ఏడు ముక్కలు, ఆరో చోట గవ్వ. అమ్మ రోజూ నాలుగో ముక్కను మింగేసేది. ముక్కలు సరిపోయాయో లేదో చూసుకోవడానికి పని మధ్యలో చెయ్యి గడ్డం కింద పెట్టుకునేది. దాంతో నెలంతా అమ్మ గడ్డానికి పసుపు మరక.

"గడ్డానికి గా పసుపేందే, గౌరమ్మను చేసినట్టు" అని నవ్వేది నానమ్మ.

ఒకరోజు నానమ్మ అమ్మ ఎడమ అరచెయ్యి పట్టుకుని, గిది గింత ఎర్రగైందేమని అడిగింది. అట్లకాడ తగిలిందని చెప్పింది అమ్మ. నేను అక్కడే అన్నం తింటున్నాను. పచ్చిపులుసు ఇంకొంచెం పొయ్యమని కంచం ముందుకు జరిపాను.

పరీక్ష రోజు పొద్దున చినుకులు పడుతున్నాయి. నారాయణగూడ చౌరస్తా దాటుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నా రెండో చంకలో రూళ్లకర్ర ఉంది. అమ్మాయిని కూడా తీసుకురండి, మన పద్ధతి కరస్పాండెంటు గారికి చూపిద్దామని సారు ముందురోజే చెప్పాడు. అందుకని నేను పండగ గౌను వేసుకున్నాను.

"బిడ్డా, ఆ కర్ర గీడ దుకాణంల పెడదాం. వచ్చేటప్పుడు తీసుకుందాం" అంది అమ్మ, మేం నోటు పుస్తకాలు కొనే కొట్టు చూపిస్తూ.

సారు తెమ్మన్నాడు గదా అన్నాను. అమ్మ కొట్టు దాటి నడిచింది. పాసైతే బేకరీలో ఉస్మానియా బిస్కెట్లు కొనిస్తానని ఇంట్లోనే అంది, అదొక్కటి మళ్లీ గుర్తుచేసింది.

ఆఫీసు గదిలో గోడ వెంట టీచర్లు కూర్చున్నారు. బల్ల వెనక కరస్పాండెంటు జీడిపప్పు నములుతూ ఏవో రిజిస్టర్లు తిప్పుతున్నాడు. పక్కన సారు, టై, డబ్బీ. పుస్తకాల కోసం వచ్చిన పదో తరగతి పిల్లలు కిటికీ ఊచలకు వేలాడుతున్నారు. అమ్మ లేచి నిలబడి, కుడిచేతిలో పుస్తకం పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మొదటి పేరా నల్లేరు మీద బండిలా పోయింది. నాకు గర్వంగా ఉంది, అబద్ధమెందుకు. రెండో పేరాలో ఆ మాట వచ్చింది. అమ్మ నాలుగో ముక్క మింగేసింది.

కరస్పాండెంటు తలెత్తలేదు. సారు అప్పుడే ముక్కు తుడుచుకుంటున్నాడు. మిగతా టీచర్లకు ఆ తప్పు తెలిసే అవకాశమే లేదు. ముందుకు చదువుకుంటూ పోతే అయిపోయేది. కానీ అమ్మ ఆగిపోయింది. ఆగిపోయి, ఎవరూ అడగకుండానే, పుస్తకం మీంచి కళ్లు తియ్యకుండానే, ఎడమచెయ్యి చాపింది. అరచెయ్యి పైకి తిప్పి, నా వైపు.

కరస్పాండెంటు నమలడం ఆపాడు. అమ్మకు తనేం చేసిందో అప్పుడు తెలిసినట్టుంది. ముఖంలో రక్తం లేదు. చెయ్యి వెనక్కి తీసుకునేదేమో. ఒక్క క్షణం నేను కూర్చునే ఉండి ఉంటే తీసుకునేదే. నేను లేచాను. ఇన్, డస్, ట్రి, అ, లై అంటూ అయిదు వేశాను. జే దగ్గర గట్టిగా వేశాను. అందరూ చూస్తున్నారు కాబట్టి రోజూ కన్నా గట్టిగానే వేశాను. షన్ మెల్లగా వేసి, సారు నేర్పినట్టు వంగి దండం పెట్టాను.

కిటికీలో పిల్లలు గొల్లుమన్నారు. కరస్పాండెంటు పొట్ట కదిలేలా నవ్వాడు.

"డిసిప్లిన్ అంటే గిది. టీచరమ్మా, మీరు పాస్. పదో క్లాసు మీకే."

అమ్మ థాంక్యూ సార్ అంది. అవును, అమ్మ అనుకున్నది సాధించింది. దేని కోసం ఎండలో నెలన్నర ఆ మెట్లెక్కిందో ఆ పదో తరగతి ఆమెకు దక్కింది.

తిరుగుదారిలో బేకరీ దగ్గర ఆగి, అన్నమాట ప్రకారం బిస్కెట్లు కొనిచ్చింది. ఎడమచెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. చిల్లర కూడా కుడిచేత్తోనే తీసుకుంది. నేను వానలో గొడుగు కింద నడుస్తూ ఆ వేడి వేడి బిస్కెట్లు కరకరా తిన్నాను. తింటూ తింటూ అడిగాను.

"అమ్మా, మంచిగ కొట్టిన్నా?"

"మంచిగనే కొట్టినవ్ బిడ్డా" అంది అమ్మ.

పొట్లంలో పొడి కూడా మిగల్చలేదు నేను. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా అసహ్యం వేసేది ఏదంటే, సారూ కాదు, ఆ రుమాలూ కాదు. ఆ బిస్కెట్లు చాలా రుచిగా ఉన్నాయి.

రెండేళ్లకు నేను పదో తరగతికి వచ్చాను. ఆ మిల్లుల పాఠం వచ్చిన రోజు అమ్మ సంచిలో గుడ్డలు లేవు. పుస్తకం ముఖానికి అడ్డంపెట్టుకుని ఇంగ్లీషులో చదువుకుంటూ పోయింది. ఒక్క ముక్క తప్పలేదు. ఆ మాట రాగానే వెనక బెంచీల్లో ఎవడో చెక్క మీద వేళ్లతో ఏడు కొట్టాడు, ఆరోది గట్టిగా. ఆ కిటికీ దగ్గర నిలబడ్డ పిల్లలు బడి వదిలిపోయారు, చప్పుడు మాత్రం ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి అప్పజెప్పి పోయారు. పొడుగు మాట వచ్చినప్పుడల్లా కొట్టేవాళ్లట. అమ్మ తలెత్తకుండా చదివింది. రెండో బెంచీలో ఉన్న నేను వెనక్కి తిరగలేదు. కొట్టింది ఎవడో చూడలేదు. ఏ ముఖం పెట్టుకుని చూడను.

నానమ్మ పోయాక, ఆమె పెట్టె సర్దుతుంటే అష్టాచెమ్మా డబ్బా బయటపడింది. అప్పుడు అమ్మతో అన్నాను, ఆ రోజు నేను లేవకుండా ఉండాల్సిందని. పెళ్లయి పిల్ల పుట్టాక గానీ ఆ ఒక్క వాక్యం నా నోట్లోంచి రాలేదు.

"చిన్నపిల్లవు, నువ్వు కొట్టుడు నాకు దుఃఖం గాదు" అంది అమ్మ గవ్వలు ఏరుతూ. "ఎవ్వరు అడగలే. నా చెయ్యి అదే లేచింది సూడు, గదే దుఃఖం."

తర్వాత ఆ మాట మేం ఎత్తలేదు. అమ్మ డాక్టరు దగ్గర కూడా పొడుగు ఇంగ్లీషు మాట అనదు. చీటీ ముందుకు జరిపి, ఇదిగో ఇది అంటుంది. ముప్పయ్యేళ్లు టీచరుగా చేసినావిడ.

మొన్న ఆదివారం సంగతి కదా చెబుతున్నాను. బాల్కనీలో ఉన్న నాకు పాప గొంతు వినబడింది. అమ్మమ్మా నువ్వు కూడా చెయ్యి పెట్టు, ఈ మాట చెప్పు చూద్దాం అంటోంది. నేను తిరిగి చూశాను. అమ్మ చిక్కుడుకాయల చాట పక్కకు జరిపింది. కుడిచెయ్యి గడ్డం కింద పెట్టుకుంది. ఎగ్-జా-మి-నే-షన్. అయిదుసార్లు గడ్డం చేతికి తగిలింది. బరువు ఎక్కడ పడాలో అక్కడే పడింది.

"అమ్మమ్మ పాస్" అని పాప చప్పట్లు కొట్టింది.

అమ్మ నవ్వింది. ఆమె ఎడమచెయ్యి ఒడిలో ఉంది, అరచెయ్యి పైకి తిరిగి, వేళ్లు చాపి. సరిగ్గా పలికాక కూడా. ఆ ముక్కుపొడుం మనిషి చెప్పినవాటిలో చెయ్యి మర్చిపోదన్నదొక్కటి నిజమైనందుకు నాకు ఒళ్లంతా కంపరమెత్తింది.

లోపలికి వెళ్లి ఫోను కట్టేశాను. ఎందుకమ్మా, ఇంకా మాటలున్నాయి అంది పాప. అమ్మ ఎడమచెయ్యి మెల్లగా కొంగులోకి తీసుకుంది.